కొయ్య మార్చిన రైఫిలునందు బోల్టు బిగియుట

(నెల్లూరు కోస్తా రైతుల సభయందు చదువబడిన ఉపన్యాసము)



సముద్రపుటొడ్డున ఇసుక నేలలందు వేరుసెనగ వేయువారికి గాని, పెన్న కాలువల క్రింద వరి పండించువారికి గాని అడవిపందుల బాధ ఎట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు. పగలెల్ల సవక తోపులలో దాగియుండి రాత్రి దిగిన గుంపు తినునది కొంత, త్రవ్వి పాడుచేయునది అంతకు రెట్టింపు. ఇందుచేతను, ఒంటరి ఇండ్ల రక్షణ కొఱకును లైసెన్సు పొంది తుపాకి ఉంచుకొనిన పట్టాదారులు కలరు. తాతల నాటి రైఫిలు వారసత్వముగ సంక్రమించి, దానికి తమ పేర లైసెన్సు పుట్టించుకొనిన వారును కలరు. తుపాకి ఇనుము తరములు నిలుచును గాని కొయ్య అట్లు నిలువదు. చెదలు పట్టును, ఉప్పుగాలికి మరల చుట్టు కుళ్లును, చేజారి పడినప్పుడు పిడియొద్ద బీటవారును. అప్పుడు కొయ్య మార్చుట తప్పనిసరి యగును. మార్చిన పిమ్మట, అంతవరకు వెన్నవలె కదలిన బోల్టు మొరాయించుట పలువురకు అనుభవము. అట్టి సమయమున దోషమెక్కడ నున్నదో కనుగొనుట యెట్లు, ఏది చేయవచ్చును, ఏది ఎంతమాత్రము చేయరాదు అను సంగతి ఇచ్చట వివరింపబడును.

మొదట చట్టము సంగతి. 1878 నాటి ఆయుధ చట్టమునకు బదులుగ చేయబడిన 1959 నాటి చట్టము 1962 అక్టోబరు 1వ తేది నుండి అమలులో నున్నది. దాని 13వ సెక్షను ప్రకారము పంట కాపుదలకై సాధారణముగ లైసెన్సు ఇయ్యదగినది నోటినుండి మందు దట్టించు తుపాకికి మాత్రమే. అది చాలదని అధికారికి తోచినచో మరియొక నున్నని గొట్టపు తుపాకికి ఇయ్యవచ్చును. రైఫిలు లైసెన్సు వేఱు. 5వ సెక్షను ప్రకారము తుపాకి మరమ్మతు వృత్తి లైసెన్సు లేనివాడు చేయరాదు. కావున ఊరి వడ్రంగిచేత కొయ్య చెక్కించి, ఊరి కమ్మరిచేత మరలు బిగింపించుట పొదుపని తలచుట పొరపాటు. అడవిపంది విషయమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము 11వ సెక్షను క్రింద, పంటకు హాని చేయు జంతువును చంపుటకు అధికారపూర్వకమగు అనుమతి ముందుగ పొందవలయును. తుపాకి లైసెన్సు చేతనున్నంత మాత్రమున ఆ అనుమతి చేతనున్నట్లు కాదు. ఈ రెండు కాగితములకును తేడా తెలియక చిక్కులపాలైన రైతులున్నారు.

ఇక అసలు సంగతి. బకింగుహాము కాలువకును సముద్రమునకును నడుమ నున్న ఒక గ్రామమున ఒక రైతునకు తండ్రినుండి మాసరు పద్ధతి రైఫిలు సంక్రమించినది. ఇది 1898లో జర్మనీయందు స్థిరపడిన నమూనా ననుసరించినది. కొయ్య అంతయు ఒకే ముక్క. బోల్టు ముందుకొనయందు లగ్గులనబడు రెండు చెవులుండి, బోల్టు త్రిప్పి దించినప్పుడు గొట్టము వెనుక నున్న ఉక్కు బాడీలోని గాడులలో తగులుకొనును. తూటా పేలినప్పుడు వెనుకకు నెట్టు బలమునంతయు భరించునవి ఆ చెవులే. చెదలు తినిన పాత కొయ్యకు బదులు సదరు రైతు పట్టణమునందలి పనివానిచేత కార్తీక మాసములో క్రొత్త కొయ్య వేయించెను. అప్పుడు బోల్టు చక్కగ నాడుచుండెను. చైత్రమాసమున వేరుసెనగ త్రవ్వుదుమనగా రాత్రివేళ తుపాకి తీసి చూడగ గొట్టము కొయ్యలో వదులై కదలుచుండెను. స్క్రూడ్రైవరు తీసికొని క్రింది మరలు రెండును ఒకటిన్నర చుట్టు బిగించెను. వెంటనే బోల్టు పిడి దిగుట మానినది. ముందుకు పోవును గాని చివర త్రిప్పి దించబోవగ అంగుళములో నాలుగవ వంతు మిగిలియుండగనే ఆగిపోవును. కొయ్యసుత్తితో కొట్టెను, దిగలేదు. అప్పుడు బోల్టు నూడదీసి, లగ్గుమీద నిగనిగలాడుచున్న ఒక గీత చూచి, అదియే అడ్డమని తలచి ఆకురాయితో అరుగదీసెను. అత్తమీది కోపము దుత్తమీద చూపినట్లయినది.

దోషము బోల్టులో లేదు. కార్తీకములో పనివాడు వేసిన కొయ్య పూర్తిగ ఆరినది కాదు. వానల తేమతో ఉబ్బియున్నప్పుడు అమర్చబడి, ఎండలు ముదిరి పడమటిగాలి వీచగనే కుదించుకొనినది. కొయ్య మందము తగ్గినంత మేర మరలు వదులైనవి. రైతు వానిని బిగింపగ, ముందరి మర కొన ముందటికంటె పైకి పొడుచుకొని బాడీలోపల లగ్గు తిరుగు త్రోవలోనికి వచ్చెను. నిగనిగలాడిన గీత ఆ మరకొన ఒరసిన గుర్తే. మరను అర చుట్టు వెనుకకు త్రిప్పిచూచిన పక్షమున సంగతి అప్పుడే తేలియుండెడిది.

కరణము లెక్క కలియనప్పుడు చిట్టా అంతయు కొట్టివేయడు. ఒక్కొక్క పద్దు తీసి చూచును. తుపాకి విషయమునను అదియే పద్ధతి. ఒకేసారి రెండు మార్పులు చేసినచో ఏది మేలు చేసెనో, ఏది కీడు చేసెనో తెలియదు.

అన్నిటికంటె ముందు తూటాలు వేఱొక గదిలో తాళము వేసి ఉంచి, బోల్టు తెరచి, గొట్టపు వెనుక గదిలో తూటా లేదని కంటితో చూచి వ్రేలితో తాకి నిశ్చయించుకొనవలయును. బిగిసిన బోల్టును సజీవమగు తూటాతో పరీక్షించుట ప్రాణముతో చెలగాటము. ఖాళీగా ఉన్నప్పుడు చక్కగ కదలి, తూటా పెట్టినప్పుడు మాత్రమే బిగియు బోల్టునకును కొయ్యకును సంబంధము లేదు. అది తూటా దోషమో, గొట్టపు గది దోషమో అయియుండును. దానిని రైతు ముట్టుకొనక పనివానికి అప్పగింపవలయును.

పిమ్మట సహజమైన బిగువేదో, రోగమేదో తెలిసికొనవలయును. మాసరు పద్ధతి బోల్టు పిడి పైకి లేవనెత్తునప్పుడు కొంత బరువుగ నుండుట సహజము. లోపలి స్ప్రింగు ఆ ఎత్తుటలోనే ముడుచుకొనును. లీ-ఎన్‌ఫీల్డు పద్ధతి రైఫిలునందు, అనగా 1907లో వచ్చిన మూడవ మార్కు సైనిక రైఫిలునందును, ఆ పద్ధతిని అనుసరించి పౌరుల కొఱకు ఇషాపూరు ప్రభుత్వ కార్ఖానాయందు చేయబడిన .315 రైఫిలునందును, స్ప్రింగు ముడుచుకొనుట బోల్టు ముందుకు నెట్టునప్పుడు జరుగును. అందుచే చివరి అంగుళమున చేతికి బరువు తగులును. ఒకదానికి అలవడిన చేయి మరియొకదానిని పట్టి, బిగిసినదని భ్రమపడుట కలదు. మరియు కొన్ని మాసరు రైఫిళ్లలో తూటాల పెట్టె ఖాళీగా నున్నప్పుడు దానియడుగునుండి లేచిన పలక బోల్టును ముందుకు పోనీయదు. తుపాకి ఖాళీయైనదని తెలియుటకై అట్లు చేయబడినది, రోగము కాదు. పలకను వ్రేలితో నొక్కి పట్టినచో బోల్టు పోవును.

ఇవి కాని బిగువైనచో, బోల్టు చేయు నాలుగు కదలికలలో ఏదానియందు అడ్డు తగులుచున్నదో గమనించి కాగితముమీద వ్రాసికొనవలయును: పిడి ఎత్తుట, వెనుకకు లాగుట, ముందుకు నెట్టుట, పిడి దించుట. ముందుకు వెనుకకు నిరాటంకముగ పోయి, దించుటలో మాత్రము ఆగినచో ముందరి మర కొనను గాని, పిడి మొదలు కొయ్యకు తగులుటను గాని శంకింపవలెను. లాగుటలోను నెట్టుటలోను మొదటినుండి తుదివరకు ఒకే తీరున బరువుగ నున్నచో బాడీ వంగి బోల్టును పట్టుచున్నదని ఊహింపవచ్చును. నడుమ ఒక్క తావున మాత్రమే గీకుచున్నచో తూటాల పెట్టె అంచును చూడవలెను.

క్రొత్త కొయ్య వచ్చిన తుపాకికి మొదటి మందు శుభ్రపరచుట. కొయ్యపొట్టు, గరుకు కాగితపు దుమ్ము, పైపూతగ వేసిన అవిసెనూనె బోల్టు త్రోవలోనికి కారి గట్టిపడి జిగురగుట సాధారణము. కిరసనాయిలులో తడిపిన గుడ్డతో త్రోవనంతయు తుడిచి, పొడిగుడ్డతో ఆరదుడిచి, తేలికయగు యంత్రపు నూనె ఒక్క చుక్క రాసిన చాలును. ఆముదము గాని కొబ్బరినూనె గాని పూయరాదు. నాటి దినమున మెత్తగ నున్నను నెల తిరుగకముందే దుమ్ము పట్టి బంకయగును. బిగిసిన బోల్టులలో కొన్ని ఈ శుభ్రతతోనే కుదుటపడును.

తరువాత తూటాల పెట్టె ఊడివచ్చు రకమైనచో దానిని తీసి బోల్టు నాడింపవలయును. పెట్టె తీయగనే వదులైనచో కొయ్యలోని తొట్టి ఇరుకై పెట్టెను ప్రక్కకో పైకో నెట్టుచున్నదని స్పష్టము. అప్పుడు చెక్కవలసినది తొట్టి గోడను గాని పెట్టె రేకును కాదు.

అటుపిమ్మట మరలు. బిగువుగ నున్న స్థానమున మర తలమీదను ప్రక్కన ఇనుముమీదను సుద్దతో ఎదురెదురుగ గీత గీయవలెను. ముందరి మరను పావు చుట్టు వదలి బోల్టు నాడించి చూడవలెను. మరల పావు చుట్టు. ఒక చుట్టులోపల బోల్టు హఠాత్తుగ వదులైనచో మర కొన త్రోవకు అడ్డు వచ్చుచున్నదనుట దాదాపు నిశ్చయము. క్రమక్రమముగ, మరతోపాటు కొంచెము కొంచెముగ తేలికయైనచో మర పొడవు కాదు, కొయ్యలోని పీట సమముగ లేదు. బాడీ ఆనుకొను తావున కొయ్య ఒకచోట ఎత్తుగను ఒకచోట పల్లముగను ఉన్నప్పుడు, మర బిగించినకొలది ఉక్కు సైతము వెండ్రుకవాసి వంగును. బోల్టునకును బాడీకిని నడుమ నుండు సందు అంతకన్న పెద్దది కాదు. ముందరి మర బిగించి యుంచి వెనుక మరను వదలినప్పుడు, బాడీ వెనుక తోక కొయ్యనుండి పైకి లేచినచో ఈ వంపు కంటికే కనబడును. వెనుక మరను కూడ ఇట్లే వేరుగ పరీక్షింపవలెను. అది పొడవైనచో బోల్టు వెనుక భాగమును తాకి, లాగుటలో గీకును.

లీ-ఎన్‌ఫీల్డు రకమున కొయ్య రెండు ముక్కలు. ముందుకొయ్య వేఱు, మడమకొయ్య వేఱు. మడమకొయ్యను పట్టియుంచునది దాని లోపల పొడవున పోవు ఒక పెద్ద బోల్టు. మడమ పలక తీసి, లోపలి తోలుబిళ్ల లాగినగాని దాని తల కనబడదు. మూడవ మార్కు సైనిక రకమున ఆ బోల్టు ముందుకొన చదరముగ నుండి ముందుకొయ్య వెనుకనున్న ఒక పలకలో ఇమిడియుండును. ముందుకొయ్యను తీయక ఆ బోల్టును త్రిప్పినచో ముందుకొయ్య వెనుక భాగము నిలువున చీలును. ఈ ఒక్క సంగతి తెలియక క్రొత్త కొయ్యలను పాడుచేసిన వారు కలరు.

ఆ రకమునకే మరియొక ప్రమాదము కలదు. ముందరి మర పోవు రంధ్రములో ఒక చిన్న ఇనుప బుష్షు ఉండును. మర ఎంత బిగించినను కొయ్య నలుగకుండ, మీట గార్డునకును బాడీకిని నడుమ దూరమును నిలుపునది ఆ బుష్షే. పాత కొయ్యతోపాటు దానిని పారవేసి క్రొత్త కొయ్య వేసినచో మర బిగించినకొలది గార్డు పైకి వచ్చును. ఆ రైఫిలునందు మీట గార్డునకు అమర్చబడియుండును గనుక గార్డుతోపాటు మీటయు పైకి వచ్చి, స్ప్రింగును పట్టి నిలుపు సియరు అను కొక్కెమును ఎల్లప్పుడు కొంత నొక్కుచుండును. అట్టి తుపాకి మీట తాకకుండగనే పేలవచ్చును. కావున బోల్టు బిగువు కుదిరినదని సంతసించుటతో తృప్తిపడక, ఖాళీ తుపాకియందు బోల్టును పలుమారులు వేగముగ మూసి, స్ప్రింగు పట్టు నిలిచియున్నదో లేదో చూడవలయును. నిలువనిచో ఆ తుపాకిని అంతటితో ప్రక్కన పెట్టి పనివాని నాశ్రయింపవలెను. పాత కొయ్య పొయ్యిలోనికి పోకముందే దానిలోని బుష్షులు, బిళ్లలు, పలకలు లెక్కపెట్టి తీసికొనుట యజమాని పని.

మరలన్నియు వదలినను బిగువు పోనప్పుడు బాడీని కొయ్యనుండి పూర్తిగ తీయింపవలెను. కొయ్య లేకుండ బోల్టు నాడినప్పుడు స్వేచ్ఛగ కదలినచో దోషము కొయ్యదే. అప్పుడును బిగిసియున్నచో కొయ్య నిర్దోషి; మార్చునప్పుడు బాడీకి దెబ్బ తగులుట గాని, బోల్టు విప్పి తప్పుగ కూర్చుట గాని, వేఱొక తుపాకి బోల్టుతో మారిపోవుట గాని జరిగియుండును. లీ-ఎన్‌ఫీల్డు బోల్టు పిడి వెనుక తుపాకి నంబరే వేయబడియుండును. పనివాని యింటినుండి తుపాకి తెచ్చుకొనునప్పుడు ఆ రెండు నంబర్లను, లైసెన్సులోని నంబరుతో సహా, పోల్చి చూచుకొనుట మేలు. ఎన్నికల సమయమున తుపాకులు పోలీసు ఠాణాలో గాని దుకాణములో గాని అప్పగించి తిరిగి తెచ్చుకొనునప్పుడును ఈ జాగ్రత్త అవసరమే. నెలల తరబడి గోడవార నిలిచిన తుపాకి కొయ్య తేమ పీల్చి వంగియుండుటయు కలదు.

కొయ్యలో తగులు తావును పట్టుటకు దీపపు మసి మించిన సాధనము లేదు. ఆముదపు దీపముపై పట్టిన మసిని రెండు చుక్కల నూనెతో కలిపి బాడీ అడుగునను పిడి మొదటను పలుచగ పూసి, కొయ్యలో మెల్లగ దింపి, మరలు బిగించి, వెంటనే తీసినచో ఒరయుచోట్ల నల్లని మచ్చలు పడును. ఆ మచ్చలను మాత్రమే కాగితపు మందమున గీకి, మరల మసి పూసి, మరల దింపవలెను. పనివాడు దీనిని పదిసారులు చేసినను ఓపిక పట్టవలసినదే. ఒక్కసారి లోతుగ ఉలి వేసిన పిమ్మట కొయ్యను తిరిగి పెంచుట ఎవ్వరి వశమును కాదు. మర పొడవైనచో దాని కొనను తగినంత తగ్గింపవలెను. అయితే మరచుట్లు బాడీలో చాలినన్ని పట్టి నిలువవలయును గనుక ఆ కొలత పనివాడే నిర్ణయింపదగినది. లేదా కొయ్య కుదించుకొనకుండ రంధ్రములో ఇనుప బుష్షు వేయించినచో ఎండకు గాని వానకు గాని మర ఒకే లోతున నిలుచును. ఈ తీరమున ఇదియే శాశ్వతమైన చికిత్స.

ఎందుకనగా నెల్లూరు కోస్తాలోని గాలి కొయ్యను ఏడాదికి రెండు మారులు మార్చును. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్యపు వానలు, వాయుగుండములు. ఏప్రిలు, మే నెలలందు పడమటినుండి వీచు వడగాలి. మొదటి కాలమున ఉబ్బినది రెండవ కాలమున ముడుచుకొనును. టేకు గాని అక్రోటు గాని ఏండ్లతరబడి నీడన ఆరినదైనచో మార్పు స్వల్పము. పచ్చికొయ్యయైనచో ఎంత నేర్పుతో చెక్కినను నిలువదు. కొయ్య బయట మెఱుగు పెట్టుట అందరును చేయుదురు. లోపలి తొట్టికి, మరల రంధ్రములకు, మడమ పలక క్రింది కోసిన ముఖమునకు అవిసెనూనె పట్టించువారు కొందరే. తేమ చొరబడునది ఆ లోపలి ముఖములనుండియే. నూనె పలుచగ పట్టించి, పూర్తిగ ఆరిన పిమ్మటనే ఇనుము దింపవలెను. పొయ్యిపై అటుకమీద తుపాకి దాచు అలవాటు ఒకవైపు ఎండబెట్టి ఒకవైపు పొగబెట్టుటయే గాని కాపాడుట కాదు.

ఇక ఆకురాయి మాట. లగ్గుల పైముఖము గట్టిపరచబడిన ఉక్కు. ఆ గట్టిదనము పైపొరయందే ఉండును. మాసరు రకపు తూటా పేలినప్పుడు లోపలి ఒత్తిడి చదరపు అంగుళమునకు 40,000 పౌనులకు మించును. అరుగదీసిన లగ్గు ఒకవైపు ఆని ఒకవైపు ఆనకపోయినచో భారమంతయు ఒక చెవిమీద పడును. తూటా గదికి బోల్టు ముఖమునకు నడుమ సందు పెరిగినచో తూటా ఇత్తడి చీలి వేడిగాలి వెనుకకు, కాల్చువాని ముఖముమీదికి రావచ్చును. అది మొదటి తూటాకే జరుగవలెనని లేదు. పదవదానికో ఇరువదవదానికో జరుగవచ్చును. ఆకురాయి తగిలిన బోల్టు బాగుగనే కదలుచుండుట చేతనే అది మఱింత ప్రమాదకరము. సుత్తితో పిడిని కొట్టుట, పిడికి పైపు తొడిగి బలవంతముగ దించుట కూడ ఇట్టివే.

పైన చెప్పబడిన రైతు తుపాకిని లైసెన్సుదారుడగు మరియొక పనివాడు చూచి, మరకొనను తగ్గించి బుష్షు వేయుట అరపూట పని అనియు, బోల్టు మాత్రము ఇక పనికిరాదనియు చెప్పెను. ఆ నమూనాకు సరిపడు వేఱు బోల్టు దొరకినను, దానిని ఆ గొట్టమునకు కొలిచి సరిపరచి పరీక్షింపకుండ వాడరాదు గనుక ఆ ఏడు వేరుసెనగ చేనికి రైతు డబ్బాలు వాయించుచు, చుట్టును దివిటీలు పెట్టి కావలి కాసెను.

పనివానియొద్దకు తుపాకి కొనిపోవునప్పుడు “బోల్టు బిగిసినది” అని మాత్రము చెప్పుట చాలదు. ఏ కదలికలో ఆగుచున్నది, తూటాల పెట్టె తీసిన తేడా కలదా, ముందరి మర ఎన్ని పావు చుట్లు వదలగ తేలికయైనది, కొయ్య ఏ మాసమున వేయబడినది, అటుపిమ్మట ఎవరైన మర బిగించిరా అను ఐదు సంగతులు కాగితముమీద వ్రాసి, లైసెన్సుతోపాటు చూపవలయును. పాత కొయ్య మిగిలియున్నచో దానిని, అందలి మరలను కూడ వెంట తీసికొనిపోవలెను; పాత మర ప్రక్కన క్రొత్త మరను నిలిపి చూచినచో పొడవులోని తేడా అక్కడికక్కడే తెలియును.